ప్రపంచం వచ్చింది, మనల్ని అడగలేదు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో గేటు మీద పేరు మారకుండానే యజమాని, కొన్నిసార్లు యజమాని దేశం కూడా, మారిపోతుంటుంది. జువారి సిమెంటు 2006 నాటికి పూర్తిగా ఇటలీ కంపెనీ ఇటాల్‌సిమెంటి చేతికి పోయింది. 2016లో ఆ ఇటలీ కంపెనీనే జర్మనీకి చెందిన హైడెల్‌బర్గ్ కొనేసింది. నల్లలింగాయపల్లె దగ్గరి భారతి సిమెంటులో 2010లో ఫ్రాన్సుకు చెందిన వికా సంస్థ 51 శాతం వాటా తీసుకుంది. చిలంకూరు, ఎర్రగుంట్లల్లో ఫ్యాక్టరీలున్న ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ కిందికి వెళ్లింది. సున్నపురాయి మన నేలది, దుమ్ము మన ఊపిరితిత్తులది. ఈ కొనుగోళ్లలో ఏ ఒక్కదాని గురించీ చుట్టుపక్కల ఊళ్లలో ఒక సభ పెట్టి, ఇకమీదట మీ కష్టసుఖాలు ఎవరికి చెప్పుకోవాలో వివరించినవాళ్లు లేరు.

ప్రపంచీకరణ గురించి మన సదస్సుల్లో మాట్లాడేవాళ్లు కథను 1991 నుంచి మొదలుపెడతారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతానికి ఆ లెక్క సరిపోదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా ఆ సుల్తాను సేనాపతి మీర్ జుమ్లాకు చూపించాలి. ఆ మీర్ జుమ్లా పర్షియా నుంచి వచ్చినవాడు, అంతకు కొద్దికాలం ముందే పెమ్మసాని నాయకుల నుంచి కోటను గెలుచుకున్నాడు. కోటలో ఫిరంగులు పోతపోసే పని ఒక ఫ్రెంచివాడి చేతిలో ఉందని తావెర్నియే రాసుకున్నాడు. ఇవాళ జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే పర్యాటకులు పెన్నా లోయ అంచున ఫొటోలు దిగుతారు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఒకే ప్రాకారంలో ఎందుకున్నాయో, పర్షియా, ఫ్రాన్సు మనుషులు ఈ కొండమీద ఏం చేస్తుండేవారో ఎవరూ చెప్పరు. 19వ శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో నెలకొల్పిన ఆసుపత్రిని ఈ చుట్టుపక్కల ప్రతి కుటుంబమూ ఎరుగును. అదీ ఈ కథలో భాగమే.

కాబట్టి ఇక్కడి జనానికి ప్రపంచం కొత్త కాదు. దాని గురించి వాళ్లతో ఎవరు మాట్లాడారు, ఏ భాషలో, ఏ దశలో అన్నదే నా ప్రశ్న. నిర్ణయం అయిపోయాక చెప్పడం వేరు, కాకముందే అడగడం వేరు. ఈ మూడు పట్టణాల అనుభవాన్ని తిరగేస్తే మొదటిది బోలెడు, రెండోది అరుదు.

జనాన్ని అడగడానికి చట్టం ఏర్పరచిన పెద్ద వేదిక ప్రజాభిప్రాయ సేకరణ. 1997 నుంచి ఇది పెద్ద ప్రాజెక్టులకు తప్పనిసరి. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. జనం లేవనెత్తిన అంశాలను చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. రాతలో ఇది మంచి ఏర్పాటు, దీన్ని సాధించుకోవడానికి దేశంలో ఎందరో పోరాడారు. లోపం ఎక్కడుందంటే, నివేదిక సారాంశాన్ని మాత్రమే తెలుగులో ఇస్తారు. నీళ్ల లెక్కలు, దుమ్ము లెక్కలు, వ్యర్థాల లెక్కలు ఉండే అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లిషు. అది కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో ఉంటుంది. భూమి పోయే రైతు ఒకరోజు కూలి వదులుకుని కడపకు పోయి, తనకు రాని భాషలో దాన్ని చదువుకుని, షామియానా కింద మైకు ముందు నిలబడి మూడు నిమిషాల్లో ప్రశ్న అడగాలి.

ఈ విషయంలో మనకు సిగ్గు వేయాల్సిన సంగతి ఒకటుంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో చెన్నకేశవాలయం దగ్గర దొరికిన శాసనం మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించాడు. అప్పటిదాకా రాజులు సంస్కృత ప్రాకృతాల్లో రాయించేవారు. రేనాటి పాలకులు జనం మాట్లాడే భాషను రాతికెక్కించారు. అదే కలమళ్ల పక్కన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు లేచాయి. పద్నాలుగు వందల ఏళ్ల కిందట అధికార ప్రకటన తెలుగులో వెలువడిన నేల మీద, గాలి నాణ్యత నివేదిక నేటికీ తెలుగులో రాదు.

తుమ్మలపల్లె కథను కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నకు సంబంధించిన అన్ని ముడులూ అక్కడే ఉన్నాయి. పులివెందులకు దగ్గర, వేముల మండలంలో, భూగర్భ శాస్త్రజ్ఞులు వేంపల్లె పేరుతోనే పిలిచే రాతిపొరల్లో యురేనియం ఉంది. నాణ్యత చాలా తక్కువ, నూటికి 0.04 వంతు ప్రాంతం. ఇంత పలచని ఖనిజాన్ని తవ్వాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 2008లో అణు సరఫరా దేశాల బృందం మినహాయింపు ఇచ్చేదాకా ప్రపంచ అణు వ్యాపారంలో భారతదేశానికి తలుపులు మూసి ఉన్నాయి. రియాక్టర్లకు ఇంధనం కరువైంది. వియన్నాలో, వాషింగ్టన్‌లో నడిచిన దౌత్యానికీ వేముల మండలంలో తవ్విన గనికీ సూటి సంబంధం ఇది. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం పనికిరాదు. క్షార ద్రావణంతో, అధిక పీడనంలో యురేనియం తీసే పద్ధతిని దేశంలో మొదటిసారిగా ఇక్కడ పెట్టారు. మిగిలిన బురద పైపుల్లో కె.కె.కొట్టాల దగ్గరి చెరువులోకి పోతుంది.

మన ప్రాంతంలో ఇలాంటి సభల్లో జనం అడిగేవి ప్రధానంగా మూడు: భూమికెంత ఇస్తారు, ఉద్యోగాలెన్ని, బోర్లలో నీళ్లకేమవుతుంది. మొదటి రెండూ బేరమాడదగ్గవి, కాబట్టి వాటి మీద మాట సాగుతుంది. మూడోదానికి వచ్చే జవాబు సాంకేతిక పదాల్లో కరిగిపోతుంది. తుమ్మలపల్లె చుట్టుపక్కల కొన్నేళ్ల తర్వాత ముందుకొచ్చింది మూడో ప్రశ్నే. కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి ఎండిపోతోందని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. గని నడిపే యురేనియం కార్పొరేషన్ కాదంది. నిపుణుల బృందాలు వచ్చాయి, నమూనాలు తీసుకుపోయాయి, కాలుష్య నియంత్రణ మండలి 2019లో నోటీసులిచ్చింది. ఇందులో ఎవరి వాదన ఎంత నిజమో తేల్చేది శాస్త్ర పరీక్షే, నా వ్యాసం కాదు. కానీ తన బోరు నుంచి పట్టుకుపోయిన సీసాడు నీళ్లలో ఏముందో ఆ రైతుకు అర్థమయ్యే మాటల్లో తెలియాలి కదా. అది తెలియనంత కాలం అనుమానం పెరుగుతూనే ఉంటుంది, దానికి రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

జమ్మలమడుగు ఉక్కు సంగతి దీనికి భిన్నం. 2007లో బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన, 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో మరొకటి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో ఇంకొకటి, 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూ పేరుతో మళ్లీ. రాష్ట్ర విభజన చట్టంలోనూ ఈ కర్మాగారం సాధ్యాసాధ్యాల పరిశీలన ఉంది. సభకు జనం ప్రతిసారీ వచ్చారు, చప్పట్లు కొట్టారు. ఉక్కు ధర చైనా ఉత్పత్తిని బట్టి ఎలా ఊగుతుందో, ఖనిజం ఎక్కణ్ణుంచి వస్తుందో, గండికోట జలాశయం నీళ్లలో పొలాలకెంత, ఫ్యాక్టరీకెంత అన్న లెక్కేమిటో ఆ సభల్లో చర్చకు రావాల్సింది. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ పెళ్లి వయసు దాటించుకున్న కుర్రాళ్లున్న ప్రాంతంలో ఆశను మాత్రమే పంచి, లెక్కను దాచడం అన్యాయం.

ఇక కువైట్. కడప జిల్లా నుంచి గల్ఫుకు పోయేవాళ్లలో ఆడవాళ్ల సంఖ్య పెద్దది. ఇళ్లల్లో పనికి పోయేవాళ్లు తమను తాము ‘ఖద్దామా’ అనే చెప్పుకుంటారు. అకామా, 20 నంబరు వీసా, 18 నంబరు వీసా, కఫీలు వంటి మాటలు అక్షరం రాని అవ్వల నోట కూడా సహజంగా పలుకుతాయి. ప్రపంచీకరణ గురించి పాఠం ఎవరూ చెప్పకుండానే జనం నేర్చుకున్న పరిభాష ఇది. అయితే నేర్చుకున్నదంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే. 20 నంబరు వీసా ఇంటిపనిది, ఆ ఇంటి యజమాని అనుమతి లేకుండా వేరే చోట పనిచేస్తే నేరం. ఈ ముక్క విమానం ఎక్కేముందు తెలిసినవాళ్లు తక్కువ, దిగిన ఆర్నెల్లకు తెలిసినవాళ్లు ఎక్కువ.

2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడు కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రొద్దుటూరు, పులివెందుల బస్టాండు గోడలకు అతికిస్తే ఎంత ఖర్చవుతుంది? ఇంటిపనికి పోయే మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఓంక్యాప్ ఉంది. అది మంచి నియమమే. కానీ ఏజెంటు ఇంటి గడప తొక్కి మాట్లాడతాడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు, అత్తను, మొగుణ్ణి ఒప్పిస్తాడు. ప్రభుత్వం వెబ్‌సైటు పెట్టి ఊరుకుంటుంది. జనంతో మాట్లాడే విద్యలో ఏజెంటే ప్రభుత్వం కంటే సమర్థుడు. ఆ విద్యను ఆశా కార్యకర్తలకు, పొదుపు సంఘాల అక్కలకు నేర్పించి ఉంటే ఎన్నో కన్నీళ్లు తప్పేవి. తిరిగొచ్చిన ఆడవాళ్లే దీనికి సరైన బోధకులని నా గట్టి నమ్మకం. వాళ్లకు ఒక మైకు, ఒక గౌరవ వేతనం ఇచ్చి ఊరూరా కూర్చోబెట్టాలి.

అరటి విషయంలో పరిస్థితి కొంత నయం. పులివెందుల రైతు పండించే జి9 అరటి, అంటే గ్రాండ్ నైన్, ప్రపంచమంతటా తినే కావెండిష్ జాతిది. టిష్యూ కల్చర్ మొక్క, డ్రిప్పు నీరు. ఎగుమతి గెలను నూటికి డెబ్బై అయిదు పాళ్లు ముదిరినప్పుడే నరుకుతారు. నేలకు తగలనివ్వరు. హస్తాలు విడదీసి, కడిగి, ఆరబెట్టి, పదమూడు కిలోల ప్రాంతం పట్టే పెట్టెల్లో సర్ది, 13 డిగ్రీల చలిలో పంపుతారు. ఒక గీత పడితే చాలు, ఆ హస్తం లోకల్ మార్కెట్‌కే. 2020 జనవరి చివర తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లతో ముంబై నౌకాశ్రయానికి అరటి రైలు పోయింది, అక్కణ్ణుంచి సరుకు గల్ఫు దేశాల దారి పట్టింది. ఇదంతా రైతుకు నేర్పింది ఉద్యాన శాఖ అధికారులు, కంపెనీల ఫీల్డు మనుషులు, ముందుగా సాహసించిన పక్క పొలం రైతు. పొలంలో నిలబడి, కత్తి చేతిలో పట్టుకుని చెప్పారు కాబట్టే ఎక్కింది. ధర దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఆగిపోయింది. ఢిల్లీ వ్యాపారి ఫోన్ ఎత్తకపోతే గెలలు చెట్టుమీదే మాగుతాయి. ఎందుకు ఎత్తలేదో రైతుకు తెలియదు.

బంగారం గురించి ప్రొద్దుటూరులో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. లండన్ ధర, డాలరు ధర పొద్దున్నే చూసుకుని షట్టరు ఎత్తే ఊరది. 2024 జులైలో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఆ మధ్యాహ్నానికే అంగళ్ల వీధిలో లెక్కలు మారిపోయాయి. వ్యాపారికి ప్రపంచం అంత దగ్గర. కుంపటి ముందు కూర్చునే స్వర్ణకారుడికి మాత్రం మిషన్ నగల రాక గురించి ముందుగా చెప్పినవాళ్లు లేరు. 1968 బంగారు నియంత్రణ చట్టం అతని తండ్రిని దెబ్బతీసింది, యంత్రం అతన్ని దెబ్బతీస్తోంది.

జనాన్ని నిజంగానే అడిగిన సందర్భం ఒకటుంది. 2020 ఏప్రిల్‌లో, ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం ఉత్తర్వును హైకోర్టు కొట్టివేశాక, తల్లిదండ్రుల అభిప్రాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం కాగితం మీద సేకరించింది. మూడు గడులు, ఒకదానికి టిక్కు. 96 శాతానికి పైగా ఇంగ్లిషు మీడియం అన్నారు. ఆ కోరికను నేను తక్కువ చేయను. కూలికి పోయే తల్లి తన బిడ్డ ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పోవాలని, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోవాలని కోరుకోవడంలో తప్పు వెతకడం కలవారి లక్షణం. కానీ గడి నింపించడం చర్చ కాదు. మాతృభాషలో పునాది పడితే ఇంగ్లిషు ఎలా వస్తుంది, ఉర్దూ ఇంట్లో మాట్లాడే ప్రొద్దుటూరు పిల్లకు తెలుగు, ఇంగ్లిషు రెండూ కొత్తయితే బడిలో ఏం చేయాలి, ఇవి మాట్లాడుకోవడానికి తల్లిదండ్రుల సమావేశం ఒక్కటి పెట్టి ఉంటే అదే ఎక్కువ విలువైన పని అయ్యేది.

వైవిధ్యం దగ్గరికి వస్తే ఈ నేల దగ్గర ప్రభుత్వం నేర్చుకోవాల్సిందే ఎక్కువ. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లిం కుటుంబాలు బీబీ నాంచారి పుట్టింటివాళ్లుగా వస్తాయి. బ్రహ్మంగారి శిష్యుల్లో అగ్రగణ్యుడు దూదేకుల సిద్దయ్య. పీర్ల పండగకు నిప్పుల గుండం తొక్కేవాళ్లలో సగం మంది హిందువులుండే పల్లెలున్నాయి. ఇవి ఎవరో ప్రచారం చేసి నిలబెట్టినవి కావు. అలాగని ఇవి ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండలేం. 2021లో ప్రొద్దుటూరులో టిప్పు సుల్తాన్ విగ్రహం ప్రతిపాదన రాగానే ఊరు రెండుగా మాట్లాడింది. కడప నవాబుల తర్వాత ఈ సీమ హైదరలీ, ఆయన కొడుకు టిప్పు చేతికి పోయింది, 1792లో నిజాముకు, 1800లో ఈస్టిండియా కంపెనీకి వచ్చింది, ఆ తర్వాత మన్రో కలెక్టరయ్యాడు. టిప్పు మనకు పరాయి చరిత్ర కాదు, మంచీ చెడూ రెండూ ఇక్కడ మిగిలాయి. విగ్రహం పెట్టాలా వద్దా అన్న తగాదాకు ముందు ఆ చరిత్రను మునిసిపల్ హాల్లో నాలుగు సాయంత్రాలు చెప్పుకుని ఉండాల్సింది. నిప్పు రాజుకున్నాకే వైవిధ్యం గుర్తుకు రావడం మన అలవాటైపోయింది.

ఈ పని ప్రభుత్వం కంటే మన రచయితలు బాగా చేశారు. ప్రొద్దుటూరు పుట్టపర్తి నారాయణాచార్యులు పద్నాలుగు భాషలు ఎరిగిన పండితుడు, బడి పిల్లలకు పాఠం చెప్పుకుంటూనే ఇతర భాషల సంపదను తెలుగులోకి, తెలుగు సంపదను బయటికి మోశారు. గడియారం వేంకటశేషశాస్త్రి శివాజీ మీద, దుర్భాక రాజశేఖర శతావధాని రాణాప్రతాపుడి మీద పెన్నా ఒడ్డున కూర్చుని కావ్యాలు రాశారు. పులివెందుల ప్రాంతం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మన రారా, మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశాడు. ఆ అనుభవంలోంచి వచ్చిన ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పరాయి సంగతిని మన పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో చెప్పకపోతే అది చెప్పినట్టే కాదని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆ పట్టుదలే కాలుష్య నియంత్రణ మండలిలో ఒక్క అధికారికి ఉన్నా చాలు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు 2012లో యువ పురస్కారం పొందినప్పుడు, పక్కింటి ముస్లిం అమ్మ జీవితం ఎలా గడుస్తుందో చాలామంది తెలుగు పాఠకులు మొదటిసారి దగ్గరగా చూశారు.

ప్రొద్దుటూరు అవధానాల ఊరు. అవధానంలో పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని సభలోనే జవాబు చెప్పాలి, అప్రస్తుత ప్రసంగమైనా తప్పించుకోవడానికి వీల్లేదు, చివర్లో అన్నిటినీ ధారణ చేసి ఒప్పజెప్పాలి. ప్రజాభిప్రాయ సేకరణ కూడా అలా జరగాలని నేను కోరుతున్నాను. కంపెనీ ప్రతినిధి అవధాని స్థానంలో కూర్చోవాలి, రైతులు పృచ్ఛకులు. ప్రతి ప్రశ్నకూ అక్కడే తెలుగులో జవాబు. చెప్పలేనిది చెప్పలేనని రాతలో నమోదు కావాలి, ఆ రాత లేకుండా ఫైలు కడప దాటకూడదు. నిబంధనల్లో దీనికి అడ్డేమీ లేదు. ప్రశ్నలు చదివి వినిపించాలన్న నియమం ఇప్పటికే ఉంది. వాటికి సభలోనే జవాబు చెప్పే బాధ్యత చేర్చడమే మిగిలింది.

దురదృష్టవశాత్తు కాలం ఎదురుదిక్కుగా నడుస్తోంది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజా సంప్రదింపులు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. దేశ రక్షణ అవసరం కారణంగా చూపింది. ప్రపంచమంతా ఖనిజాల కోసం పోటీ పడుతున్న కాలమిది, దేశానికి తొందర ఉండొచ్చు. ఆ తొందరలో వేముల లాంటి మండలాల రైతుకు ఉన్న మూడు నిమిషాల మైకు కూడా పోతోంది. రేపు తుమ్మలపల్లె గని విస్తరిస్తే షామియానా కూడా వేయకపోవచ్చు.

అందుకని ఇప్పుడు అడగాల్సింది పెద్ద సదస్సు కాదు. తుమ్మలపల్లె చుట్టూ ఉన్న ప్రతి ఊళ్లో, ఏ బోరు నీళ్లలో ఏ నెలలో ఏం దొరికింది, ఎంత ఉంటే తాగొచ్చు, ఎంత దాటితే అరటికి పెట్టకూడదు అన్న పట్టికను పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయించాలి. పరీక్ష చేసిన ప్రయోగశాల పేరు, తేదీ పక్కనే ఉండాలి. నమూనా తీసేటప్పుడు ఆ ఊరి ఇద్దరు మనుషులు దగ్గరుండి సంతకం చేయాలి. సభ పెట్టాల్సిన పని లేదని మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వులో, గోడ మీద రాయకూడదన్న నిషేధం ఎక్కడా లేదు.